పన్నెండు పళ్ళేలు

శుక్రవారం లోపు తేడా చూపించకపోతే సీటు ఖాళీ చెయ్యమన్నారు ప్రొఫెసరు. ఆ మాట నవ్వుతూ అన్నారు. అదే ఇంకా గుచ్చుకుంది పిల్లకి.

పిల్లంటే పిల్లేం కాదు, ముప్పై దాటింది. మెదడు కణాల మీద నాలుగేళ్లుగా పరిశోధన. స్టవ్వు మీద పాలు పెట్టి మర్చిపోయే మనిషికి మెదడు చదువేమిటని కన్నతల్లే ఎగతాళి చేసేది. పిల్ల కూడా కాదనేది కాదు.

గాజు పళ్ళేలు పన్నెండు, రెండు వరసలు. అన్నింట్లోనూ మెదడు కణాలే. ఎడమ వరసకి రోజూ సీసాలోంచి టారిన్ అనే పోషకం ఓ చుక్క పడుతుంది, కుడి వరసకి పడదు. కణంలోకి నీళ్లు చేరి ఉబ్బితే, టారిన్ తలుపు తీసుకుని బయటికి నడుస్తుంది. దాని వెనకే నీళ్లూ పోతాయి, కణం మళ్లీ మామూలైపోతుంది. టారిన్ లేని కణం మాత్రం ఉబ్బింది ఉబ్బినట్టే ఉండిపోవాలి. అదీ పిల్ల లెక్క.

ఇవేమిటని సీసాలు కడిగే పెద్దమ్మ అడిగితే మొదటిరోజే విడమరిచింది. "ఇవి తిండి పెట్టినవి పెద్దమ్మా, అవి పస్తున్నవి." ఇంత పెద్ద సైన్సుని ఇంత తేలిగ్గా చెప్పేశానని ఆ రోజంతా తన భుజాలు తనే చరుచుకుంది.

తీరా పరీక్ష చేస్తే పస్తున్నవీ ఉబ్బుతున్నాయి, చక్కా తగ్గుతున్నాయి. మూడుసార్లు చేసింది. మూడుసార్లూ అంతే. మైక్రోస్కోపు మార్చింది, కళ్లజోడు మార్చింది. ఇక మార్చాల్సింది తలకాయే.

గురువారం మధ్యాహ్నం సింకు పక్క స్టూలు మీద కూలబడింది. పెద్దమ్మ డబ్బా విప్పి సగం పిల్లకి పెట్టింది, గుమ్మంలో ఉన్న వాచ్‌మన్‌ని కేకేసి అతనికింత పెట్టింది, అడుగున మిగిలింది తను తీసుకుంది. ఎదురుగా తినకుండా మనిషుంటే ఆవిడకి ముద్ద దిగదు.

"నా బుర్రలోనే టారిన్ అయిపోయినట్టుంది పెద్దమ్మా," అంది పిల్ల. "రేపటితో నా చదువు సరి. ఆ పస్తున్నవి ఎలా బతికి బట్టకడుతున్నాయో తెలిసి చావడం లేదు."

పెద్దమ్మ తాపీగా చెయ్యి కడుక్కుంది, కొంగుకి తుడుచుకుంది.

"ఒక్క బంతిలో కూర్చోబెట్టి సగం మందికే వడ్డిస్తే ఎలా తల్లీ, రోజూ నువ్వెళ్లాక ఆ సీసాలోంచి వాటికీ తలో చుక్క నేనే వేస్తున్నాగా."