పరామర్శకు ఇద్దరు

తలుపు తీస్తూనే యజ్ఞనారాయణ నవ్వాడు. "వాచ్‌మన్ తిరుపతి దగ్గరికేగా బయల్దేరారు? ముందు నా మాట విని వెళ్ళండి."

అనసూయమ్మ, శివశంకర్ లోపలికి వచ్చి కూర్చున్నారు.

మణికొండలోని ఆ అపార్ట్‌మెంట్‌లో ఓనర్లు, కిరాయికున్నవాళ్ళు, వాచ్‌మన్, అందరూ కలిసి ఒక సహాయ సంఘం పెట్టుకున్నారు. జబ్బుపడ్డ సభ్యుడికి కోలుకునేదాకా మందులూ, పూటపూటా భోజనమూ సంఘానివే. ఒకటే షరతు. ఇద్దరు వెళ్ళి పరామర్శించి రావాలి. జబ్బు లేదని ఆ ఇద్దరూ చెబితే ఆ పూట నుంచే సాయం బంద్.

ఆ షరతు పెట్టించింది యజ్ఞనారాయణే. బీమా, సంక్షేమం, ఆరోగ్యం, వీటి ఆర్థిక చరిత్ర మీదే ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ పరిశోధన చేసిన మనిషి.

"నడుం నొప్పట. నడుం నొప్పి ఎవడి కంటికి కనపడుతుందండీ? చరిత్రంతా ఇదే. ఊరికే అన్నం దొరికితే పేదవాడు మంచం దిగడు."

"గట్లనా సార్" అంది అనసూయమ్మ. ఆయన మాట్లాడుతుంటే ఆమెకు అన్నంలో రాయి తగిలినట్టుంటుంది.

"చేతిలో అరటిపళ్ళు కూడానా? దండగ. ఇంగ్లండు కూలీల సంఘాల్లో పరామర్శకు చెప్పాపెట్టకుండా వెళ్ళేవారు. కాలు విరిగిందన్నవాడు తోటలో దుంపలు తవ్వుతూ దొరికాడు. ఉండండి, చూపిస్తాను."

స్టూలు లాక్కుని ఎక్కాడు. అటక మీది దిండంత పుస్తకాన్ని రెండు చేతులా దించాడు. బల్ల మీది ఖాళీ క్యారియర్‌ను మోచేత్తో నెట్టి, ఆ పుస్తకాన్ని ధబ్బుమని పడేశాడు.

"బరువున్నట్టుంది సార్" అన్నాడు శివశంకర్.

"దీన్ని మోయడానికి బుర్ర కావాలయ్యా, నడుం కాదు." తన మాటకు తనే నవ్వుకున్నాడు.

శివశంకర్ అనసూయమ్మ వైపు చూశాడు. ఆమె తల పంకించింది.

"మొహమాటపడకండి. పడుకుని ఉంటే లేపి నడిపించండి. అన్నం ఆగిందా, వాడి నొప్పీ ఆగుతుంది. ఇంతకీ ఎప్పుడు వెళ్తున్నారు వాడి దగ్గరికి?"

అనసూయమ్మ లేచి నిలబడింది.

"తిరుపతిని నిన్ననే చూసొచ్చినం సార్, పాపం మంచం దిగుడు ఆయనతోని అయితలేదు, ఇయ్యాల మీ నడుం నొప్పి ఎట్లున్నదో చూడనీకి వచ్చినం."