వెర్నన్ కాగితాల పిచ్చి

రోండా కొత్త కారు ఎర్ర దీపానికీ పచ్చ దీపానికీ సమానంగా ఆగేది. ఆగనిది బ్యాంకు వాయిదా ఒక్కటే.

మూడోసారి కారును షోరూముకు లాగించుకొచ్చింది.

"మళ్ళీ వచ్చావా తల్లీ? ఇల్లు కూడా ఇక్కడే కట్టుకో," అన్నాడు రిపేర్లు నమోదు చేసే వెర్నన్.

"కాగితాలొద్దు. ఊరికే చూడు, డ్యూటీకి పోవాలి."

"కాగితం లేందే చెయ్యి వెయ్యను. ఎక్కడాగింది?"

"రైలు పట్టాల మీద. నీ కాగితాల పిచ్చి తగలెయ్య."

అతడు పొల్లుపోకుండా రాసి, సంతకం పెట్టించాడు. నకలు ఆమెకిస్తూ, మేనేజరు గది వైపు చూసి గొంతు తగ్గించాడు.

"ఒకే లోపానికి ఇది మూడో కాగితం. ఈసారీ బాగుపడకపోతే, మన ఒహాయో రాష్ట్ర చట్టం ప్రకారం కంపెనీ డబ్బిచ్చి కారు వెనక్కి తీసుకోవాలి. బాగుపడదులే. ఊరికే చూసుంటే మాత్రం, ఒక్కటీ లెక్కకొచ్చేది కాదు."