నాలుగంగుళాలు

"ఇంకో నాలుగంగుళాలు వెడల్పు పెంచవయ్యా బాబూ! ఇప్పుడే సంతకం పెట్టేస్తాను," మద్రాసు నుంచి వచ్చిన ఆఫీసరు మూడోసారి చెప్పాడు.

"పెంచనండీ," అన్నాడు కృపానందం.

ఆఫీసరు ఫైలు మూసేసి, టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

అది 1974. దేశమంతా రెండు మూడు పెద్ద కంపెనీల కార్లే. బుక్ చేసుకున్నవాళ్లు ఏళ్లకేళ్లు ఎదురుచూడాల్సిందే. అలాంటి రోజుల్లో బెజవాడ ఆటోనగర్‌లో, ఒక రేకుల షెడ్డులో, ఒక్క మనిషి సొంతంగా కారు చేశాడంటే మాటలా! ఇంజను మోటారు సైకిలుది. బాడీ అంతా ఆయన సుత్తితో కొట్టుకున్నదే. శుభ్రంగా నడిచేది కూడా. కానీ లైసెన్సు రాకపోతే రెండో కారు చేసే వీల్లేదు.

చిక్కల్లా దాని వెడల్పే. నలభై నాలుగంగుళాలు. రూలు ప్రకారం నలభై ఎనిమిది ఉండాలి. ముందు డ్రైవరొక్కడికే చోటు. వెనక మాత్రం మనిషి కాళ్లు చాపుకుని పడుకోవచ్చు.

"ఇది కారా, పడవా గురూ?" పక్క షెడ్డు బసవయ్య రోజూ ఏడిపించేవాడు. "పక్కన కూచోబెట్టుకోడానికి ఎటూ పెళ్లాం లేదనా?"

కృపానందం నవ్వేవాడు కాదు, కోప్పడేవాడూ కాదు. ఆ పంతం ఎందుకో ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

చివరికి ఆయన్ని ఒప్పించింది కూతురు రూతు. తల్లి లేని పిల్ల. ఆయన ప్రాణమంతా ఆ పిల్లే. తొలి కాన్పుకి పుట్టింటికి వచ్చి, ఓ నెల రోజులు అమ్మమ్మ దగ్గర ఉండొస్తానని బయల్దేరింది.

"నాలుగంగుళాల కోసం పదేళ్ల కష్టం బుగ్గిపాలు చేసుకుంటావా నాన్నా? నా బిడ్డ పుట్టేసరికి నీ కారు రోడ్డెక్కాలి. నా మీద ఒట్టే."

ఆయన చేతిలో సుత్తి కింద పెట్టాడు.

"సరే. పురుడు మాత్రం బెజవాడ ఆసుపత్రిలోనే. నెలలు నిండకముందే వచ్చెయ్యాలి."

"అలాగే నాన్నా."

బాడీ కోశాడు. రేకు అతికాడు. నలభై ఎనిమిది చేశాడు. ఆఫీసరు సంతకం పెట్టాడు. ఆటోనగర్‌లో మిఠాయిలు పంచారు. "పెద్ద కంపెనీల మెడలు వంచావు గురూ!" అంటూ బసవయ్య కళ్లు తుడుచుకున్నాడు. ఆదివారం చర్చిలో కారుకి ప్రార్థన కూడా చేయించారు.

ఆ ప్రార్థన జరిగిన నాలుగో రోజు పొద్దున్నే, అమ్మమ్మ ఊరి నుంచి కాలువ దాకా నడిచి, అక్కడ బస్సెక్కి మనిషొచ్చాడు. రూతుకి ఎనిమిదో నెలలోనే నొప్పులొచ్చాయట. మంత్రసాని చేతులెత్తేసిందట.

కృపానందం, బసవయ్య కారులో బయల్దేరారు. దారంతా కృపానందం హారను మీంచి చెయ్యి తియ్యలేదు.

కాలువ మీద లాకుల వంతెన. దానికి అటొకటి, ఇటొకటి రాతి స్తంభాలు. అవతల మూడు మైళ్ల గట్టు, దాని చివర ఊరు. వేరే దారి లేదు. కారు ఆ స్తంభాల మధ్య ఇరుక్కుపోయింది.

తలుపుల పిడులు ఊడబీకాడు. తన చేత్తో అతికిన రేకునే సుత్తితో లోపలికి కొట్టాడు. బసవయ్య వెనక నుంచి తోశాడు. ఊహూఁ, కదల్లేదు.

"ఇదేం ఖర్మ గురూ! పాత కారైతే దూరిపోయేదిగా!"

కృపానందం స్తంభాన్ని పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

అవతలి గట్టు మీద నలుగురు మంచం మోసుకొస్తున్నారు. దూరాన ఉన్నప్పుడు పరుగెత్తారు. దగ్గరికి వచ్చేసరికి నడుస్తున్నారు. దుప్పటి ముఖం మీద దాకా కప్పి ఉంది. వెనకే వస్తున్న అమ్మమ్మ జీవరత్నం చేతుల్లో పసిగుడ్డు గుక్కపట్టి ఏడుస్తోంది.

ఇరవై ఏళ్ల కిందట, బెజవాడ నుంచి తెచ్చిన టాక్సీ ఈ వంతెన దాటలేక, రూతును కంటూ ఆయన భార్య ఇలాగే మంచం మీద కన్నుమూసిన మర్నాడు, కృపానందం టేపు తెచ్చి ఈ రెండు స్తంభాల మధ్య కొలిచి, అటో అంగుళం ఇటో అంగుళం వదిలేసి, చీటీ మీద నలభై నాలుగని రాసుకున్నాడు.