గులాబీ ఉన్న చోట

"అన్నా, ఈ చెయ్యి ఎవరిది?"

హిందూపురం ఫ్లెక్సీ షాపులో డిజైనర్ ధనుంజయ కంప్యూటర్ తెర మీద చూపించి అడిగాడు.

తెర మీద ఉన్నది మధు కూతురు కెజియా. పుట్టిన ఆరో రోజు తీసిన ఫొటో. దోసెడంత బిడ్డ, ఎవరిదో చూపుడు వేలిని పిడికిట్లో బిగించి పట్టుకుని కళ్ళు తెరిచి చూస్తోంది. ఆ వేలి వెనక సగం చెయ్యి, దాని మీద మూడు పచ్చబొట్టు చుక్కలు.

"ఎవరిదో అబ్బా. ఆ పొద్దు నాకు బిడ్డ తప్ప ఇంకేమీ కనపళ్ళేదు," అన్నాడు మధు.

"వేరే ఫొటో లేదా?"

"మా ఆమె ఇదే కావాలంటాది. పిల్ల మొదటిసారి కండ్లు తెరిచింది ఇందులోనే."

"అయితే చెయ్యి తీసేస్తా. పిడికిలి ఖాళీగా ఉంటే బాగుండదు, గులాబీ పెడతా."

రెండు నిమిషాల్లో చెయ్యి మాయమైంది. కెజియా పిడికిట్లోకి ఎర్ర గులాబీ వచ్చింది.

ఆదివారం పెనుకొండ చర్చిలో బిడ్డకు బాప్తిస్మం. ఆ తర్వాత ఇంటి ముందు షామియానా, బిరియాని, బంధువులు.

కెజియా ఏడో నెలలోనే పుట్టింది. కేజీ మూడొందల గ్రాములు. బీపీ పెరిగి తల్లి ప్రమోద తొమ్మిది రోజులు ఒళ్ళు తెలియకుండా పడి ఉంది. కళ్ళు తెరిచేసరికి బిడ్డ బతికే ఉంది. ఆ తొమ్మిది రోజులూ తన బిడ్డను ఎవరెవరు చూసుకున్నారో ఆమెకు తెలియదు.

అందుకే ఈ పండగకు ఆమెది ఒకటే పట్టుదల.

"ఆ తొమ్మిది దినాలు నా బిడ్డను చూసుకున్నోళ్ళను అందర్నీ పిలవాల. ఒక్కర్ని మర్చిపోయినా నేను ఊరుకోను."

మధు ఆసుపత్రి ఆఫీసులో అడిగి పేర్లు రాసుకొచ్చాడు. ఇద్దరు డాక్టర్లు, ముగ్గురు నర్సులు, అంబులెన్సు డ్రైవరు. అందరికీ ఫోన్లు చేశాడు, అందరి ఫొటోలూ ఫ్లెక్సీ ఎక్కించాడు. మరి బంధువులు ఊరుకుంటారా? చిన్నాయన ఎక్కాడు, బెంగుళూరు బామ్మర్ది ఎక్కాడు, ఒక్క రోజన్నా ఆసుపత్రి గడప తొక్కని మేనమామ నల్ల కళ్ళద్దాలతో ఎక్కాడు.

"పద్దెనిమిది తలకాయలు! వీళ్ళ మధ్యలో బిడ్డకు జాగా దొరికింది, అదే పదివేలు," అని నవ్వింది మధు తల్లి అన్నమ్మ.

శనివారం మధ్యాహ్నం మధు ఇంటి ముందు ఫ్లెక్సీ కడుతున్నాడు. ఎదురుగా బస్టాపు. అక్కడ సంచి పట్టుకుని నిలబడ్డ ఒకామె రోడ్డు దాటి వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి.

"ఏమప్పా, బిడ్డకు పండగా?"

"అవునమ్మా. రేపు బాప్తిస్మం. కెజియా అని పేరు పెడతాండాం."

"కెజియా," అని ఆమె మెల్లగా పలికి చూసుకుంది. "ఇప్పుడెంత తూకం ఉండాది?"

మధుకు నవ్వొచ్చింది. ఎవరైనా బిడ్డది ఎవరి పోలిక అని అడుగుతారు. ఈమెకు తూకం కావాలట.

"ఆరు కేజీలు."

"ఆరా! ఇంకేం బయం లేదు పోప్పా."

పరాయి మనిషైనా ఆ సంతోషం చూస్తే మధుకు ముచ్చటేసింది. ఆమె దగ్గరికి వచ్చి గులాబీ మీద పడ్డ ముడతను చేత్తో సాపు చేసింది.

"గులాబీ బాగా పెట్టినారు. చేతికి ఏమిచ్చినా వదిలే రకం కాదు ఈ పిల్ల."

"లోపల పండుకోనుండాదమ్మా."

"లేపద్దులే. నిద్రలోనే బిడ్డ పెరిగేది."

"మధూ, షామియానా వాళ్ళు ఫోన్ చేస్తాండారు!" అని అన్నమ్మ లోపలి నుంచి అరిచింది.

మధు వెళ్ళి మాట్లాడి వచ్చేసరికి కదిరి బస్సు కదులుతోంది. ఆమె కిటికీలోంచి ఇటే చూస్తోంది. మధు మళ్ళీ తాడు బిగించే పనిలో పడ్డాడు.

సాయంత్రం ప్రమోద లిస్టు ముందేసుకుని కూర్చుంది.

"అందరికీ చెప్పినా. ఒక్కరు కూడా మిగల్లేదు," అన్నాడు మధు గర్వంగా.

అంతలో నర్సు పద్మావతి ఫోన్ చేసింది. ప్రమోద స్పీకరు ఆన్ చేసింది.

"రేపు పదికల్లా చర్చి కాడ ఉంటాం. సుంకమ్మ కూడా వస్తాందా?"

"సుంకమ్మ ఎవరు సిస్టర్?"

"అదేంది, మీకు తెలీదా? మా దగ్గర ఆయాగా చేసేది. నువ్వేమో ఐసీయూలో, మీ ఆయన నీ కాడ, మీ అత్తకు జ్వరం. బిడ్డకు ఒంటి వెచ్చదనం కావాలంటే తొమ్మిది దినాలూ ఆయమ్మే రొమ్ము మీద ఏసుకోని కూర్చుండె. డ్యూటీ అయిపోయినా ఇంటికి పోయేది కాదు. పోయిన నెల పని మానేసింది, కదిరి అవతల తలుపుల అని, సొంతూరికి పోతానంటాండె. లిస్టులో లేదా?"

ప్రమోదకు కన్నీళ్ళు ఆగలేదు.

"ఆయమ్మను గుర్తుపట్టేదెట్ల సిస్టర్?"

"ఫోను కూడా లేదు ఆయమ్మకు. చేతి మీద మూడు పచ్చబొట్టు చుక్కలుంటాయి."

ప్రమోద కళ్ళు తుడుచుకుని ఫోనులో పాత ఫొటో తెరిచింది. చెయ్యి ఉన్న ఫొటో.

"తలుపుల ఎంత దూరం? తెల్లారుతూనే పోదాం. ఇల్లిల్లూ తిరిగైనా ఆయమ్మను ఎతుకుదాం. రేపు చర్చిలో బిడ్డను ఎత్తుకునేది ఆయమ్మే," అంది.

మధు లేచి వాకిట్లోకి వెళ్ళాడు. ఫ్లెక్సీ మీది గులాబీని చూశాడు.

మధ్యాహ్నం ఆ గులాబీ మీద ముడత సాపు చేసిన చేతికి ఉన్నవీ ఆ మూడు చుక్కలే. ఊళ్ళో అందరినీ పిలిచిన తను ఆమెను మాత్రం "రేపు రామ్మా" అని ఒక్క మాట అనలేదు.