ఆఖరి బెంచీలో అయ్యగారు

సోమవారం మూడో పీరియడుకి హేమ టెన్త్ క్లాసులో అడుగు పెట్టేసరికి, ఆఖరి బెంచీలో ఎలీషా అయ్యగారు కూర్చుని ఉన్నారు. ముందు లావుపాటి నోటుపుస్తకం, చేతిలో పెన్ను.

హేమ గుమ్మంలోనే ఆగిపోయింది.

“ఆయ్, కానివ్వండి టీచరమ్మా. నేనున్నానని మొహమాటపడకండి” అన్నారాయన.

మొహమాటం కాదు, భయం. రాజోలు అవతల ఆ చిన్న బడి చర్చివాళ్ళది. ఎలీషా గారు చర్చికి పాస్టరు, బడికి కరస్పాండెంటు. హేమకి సైన్సు టీచరుగా ఉద్యోగమిచ్చి మూడు నెలలయింది. ఇచ్చిన చేత్తోనే తీసేయగలరు.

ఆ రోజు పాఠం బఠాణీ మొక్కలది. దానితో పేచీ లేదు. తరవాతది జీవపరిణామం. అంతకుముందు పనిచేసిన సాయికుమార్ మాస్టారు ఆ పాఠం దగ్గరే సంఘపెద్ద ఒకాయనతో వాదన పెట్టుకున్నారు. వేసవి సెలవులకని వెళ్ళినవారు మళ్ళీ రాలేదు. మానేశారో, మాన్పించారో ఎవరూ చెప్పరు.

గంట కొట్టాక అయ్యగారు దగ్గరికొచ్చారు.

“గురువారం పరిణామం మొదలెడతారటగా. మొత్తం చెబుతారా, మధ్యలో ఏవైనా వదిలేస్తారా?”

“అంటే... పుస్తకంలో ఉందండీ...”

“వదలకండి. నాకు ప్రతి ముక్కా కావాలి. నేనిలా వస్తున్నట్టు మాత్రం బయట ఎవరితోనూ అనకండేం. పిల్లలకీ చెప్పేను.”

హేమ ఇంటికెళ్ళి చెప్పింది. తల్లి జ్ఞానమ్మ విషయం విని నెత్తిన చెయ్యి పెట్టుకుంది.

“జ్వరమని చెప్పి ఎగ్గొట్టెయ్యవే.”

“పిల్లలకి పబ్లిక్‌లో మార్కులు పోతాయమ్మా.”

“నీకు బల్ల పోద్ది!”

హేమ అసలు భయం అదే. ఉద్యోగం పోతే ఇంకోటి చూసుకోవచ్చు. చర్చిలో ప్రభువు బల్ల నుంచి తీసేస్తే, అందరూ రొట్టె, ద్రాక్షరసం తీసుకుంటుంటే తను వెనక కూర్చుని చూడాలి. అది ఆమె తట్టుకోలేదు. కాలేజీలో మైక్రోస్కోపు కింద ఉల్లిపొర చూసి, అక్కడే కళ్ళు మూసుకుని దేవుణ్ణి స్తుతించిన పిల్ల హేమ. ఆమె వరకు ఆ రెంటికీ ఎన్నడూ తగువు లేదు. ఆ సంగతి అయ్యగారికి చెప్పడానికే ధైర్యం చాలడం లేదు.

“ప్రభువా, ఎవరికీ ఏ కీడూ జరగకుండా, గురువారం మాత్రం అయ్యగారికి ఎక్కడో పని పడేలా చెయ్యి” అని ప్రార్థన చేసుకుంది.

గురువారం ఆయన అందరికంటే ముందే వచ్చి కూర్చున్నారు.

హేమ బోర్డు మీద మూడు బొమ్మలు గీసింది. మనిషి చెయ్యి, గబ్బిలం రెక్క, తిమింగలం వాజం. సుద్దముక్క రెండుసార్లు విరిగింది. పైకి వేరువేరుగా ఉన్నా లోపల ఎముకల అమరిక ఒకటేనని చెబుతుంటే తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. వెనక పెన్ను బరబరా సాగుతూనే ఉంది.

విజయ అనే అమ్మాయి లేచింది.

“మేడమ్, మరి దేవుడు చేశాడా, వాటంతటవే మారాయా?”

క్లాసంతా వెనక్కి తిరిగి అయ్యగారిని చూసింది. హేమకి ఇక దాక్కునే చోటు లేదు.

“దేవుడు చేశాడనే నేను నమ్ముతాను. ఎలా చేశాడని వెతుక్కుంటూ వెళ్ళినవాళ్ళకి ఈ ఎముకలు కనిపించాయి. పరీక్షలో మాత్రం ఎముకల సంగతే రాయండి.”

పెన్ను ఆగింది.

“టీచరమ్మా, ఆ మాట మరొక్కసారి చెప్పండి” అన్నారు అయ్యగారు.

హేమ మళ్ళీ చెప్పింది. ఆయన రాసుకున్నారు. స్కేలు తీసి కింద గీత కూడా గీశారు.

గంట కొట్టింది. పిల్లలు వెళ్ళిపోయారు. హేమకి ఏడుపు, కోపం కలిసి వచ్చేశాయి.

“అయ్యగారూ, నామీద కమిటీకి ఏం రాసి పెడతారో పెట్టండి. ఉద్యోగం మానేస్తాను. బల్ల నుంచి మాత్రం తీసెయ్యకండీ, మీకు దణ్ణం పెడతాను. నేను చెప్పినదాంట్లో ఒక్కటీ అబద్ధం లేదండీ!”

ఎలీషా గారి మొహంలో రంగు మారిపోయింది. గబగబా వెళ్ళి వరండాలోకి తొంగిచూసి, తలుపు దగ్గరగా వేసి వచ్చారు. నోటుపుస్తకాన్ని చంకలో దాచుకున్నారు.

“మెల్లగా అనండమ్మా, సంఘంలో ఎవరికన్నా తెలిస్తే నా పరువు పోద్ది... ఓపెన్ టెన్త్‌లో నాకు అన్నీ అయిపోయేయి గానీ, ఈ సైన్సొక్కటే మూడుసార్లు పోయిందండీ!”