తలుపుకి అంటించని కాగితం

తెర నిన్న సాయంత్రం నుంచీ నల్లగానే ఉంది.

ప్లోవ్‌దివ్ ఊళ్లోని ఆ చిన్న బొమ్మలాట థియేటర్లో అడవైనా, సముద్రమైనా, రాజుగారి కోటైనా ఆ తెరమీద కదలాల్సిందే. పదకొండుకి నూట ఇరవై మంది బడిపిల్లలు వస్తారు. అప్పటికే తొమ్మిదిన్నర అయింది.

కంప్యూటర్లు చూసే రంగెల్‌కి ముచ్చెమటలు పోస్తున్నాయి.

“ఎవరు చెయ్యమన్నారయ్యా నిన్ను ఆ అప్‌గ్రేడు? మొన్నటిదాకా బాగానే ఉందిగా!” అంది జ్లాటినా, నక్కబొమ్మని చేతికి తొడుక్కుంటూ. ఆ బొమ్మల్ని ఆడించేది ఆమే.

“కొత్త సిస్టమ్ వచ్చింది, వేశాను. తెరకి బొమ్మలందించే గ్రాఫిక్స్ డ్రైవర్ చచ్చి కూర్చుంటుందని కలగన్నానా?”

“ఆ మాట డైరెక్టరమ్మకి చెప్పు. ఆట ఆగిందంటే నీ ఉద్యోగం ఊడబెరుకుతుంది.”

రంగెల్‌కీ ఆ సంగతి తెలుసు. మళ్లీ ఫోన్ తీసి చూసుకున్నాడు. జవాబు లేదు.

ఇంటర్నెట్‌లో ఇలాంటి చిక్కులు విప్పేవాళ్ల గుంపు ఒకటుంది. అందులో ‘కొంగ’ అనే మారుపేరుతో ఒకాయన ఉన్నాడు. ఆరేళ్లుగా ఈ థియేటర్ కంప్యూటర్లకి ఏ జబ్బు చేసినా మందు చెప్పింది ఆయనే. ఆయన ముఖం ఎలా ఉంటుందో, గొంతు ఎలా ఉంటుందో రంగెల్‌కి తెలియదు. ఉన్నదంతా రాతల స్నేహమే. నిన్న ఆయనకి తన గోడంతా వెళ్లబోసుకుని, ‘ఇది రాతలతో తేలేలా లేదు, ఎవరైనా ఎదురుగా కూర్చుని చూడాల్సిందే’ అని రాశాడు. అంతే, అవతల్నుంచి ఉలుకూ పలుకూ లేదు.

“సరిగ్గా అవసరానికి ఎగిరిపోయాడు,” అని పళ్లు నూరాడు రంగెల్.

అప్పుడే పక్కతలుపు దగ్గర ఎవరో ముసలాయన కనిపించాడు. నెత్తిన బూడిదరంగు టోపీ, చేతిలో ప్లాస్టిక్ కవర్లో పెట్టిన కాగితాలు.

ఆ ఊళ్లో ఎవరైనా పోతే వాళ్ల ఫోటోతో కాగితం అచ్చువేయించి, తడవకుండా కవర్లో పెట్టి తలుపులకీ స్తంభాలకీ అంటిస్తారు. రంగెల్ కవరు చూశాడు, ఇంకేమీ చూడలేదు.

“తాతా, ఇక్కడ అంటించకు! పిల్లలొచ్చే వేళ. పొద్దున్నే వాళ్లకి చావు మొహం చూపిస్తావా? ఆ వీధి స్తంభానికి అంటించుకో, పో!”

“కా... కాదు బాబూ... నే... నేను...”

“పోయింది మీ ఆవిడైతే నాకూ బాధే. ఇప్పుడు మాత్రం కదులు.”

“తె... తెర... పా... పాత కా... కార్డు...”

“పా... పా... పాత కా... కార్డు!” అని వెక్కిరించాడు రంగెల్. “ఇది పాత రేడియో బాగుచెయ్యడం అనుకున్నావా తాతా?”

వేదిక మీద దీపాలు సర్దుతున్న ఇద్దరు కిసుక్కున నవ్వారు. జ్లాటినా నవ్వలేదు.

ముసలాయన చెవులు ఎర్రబడ్డాయి. కవర్లోంచి ఒక కాగితం తీసి జ్లాటినా చేతిలో పెట్టాడు. టోపీ సర్దుకుని బయటికి వెళ్లిపోయాడు.

“ఇది చావు కాగితం కాదు రంగెల్, చూడు,” అంది జ్లాటినా.

గుండ్రటి చేతిరాత. ‘ఈ మూడు మీటలూ కలిపి నొక్కితే నల్లతెర మీద కూడా అక్షరాలు వస్తాయి. కొత్త డ్రైవర్ని పూర్తిగా తీసెయ్యాలి. గ్రాఫిక్స్ కార్డు పాతది కాబట్టి దానికి పాత డ్రైవరే సరిపోతుంది.’ దానికింద, టైపు చెయ్యాల్సిన నాలుగు వరుసలు ఉన్నాయి.

రంగెల్ గబగబా కొట్టాడు. కంప్యూటర్ ఆగి, మళ్లీ లేచింది. పదింబావుకల్లా తెర నిండా నీలంగా సముద్రం పరుచుకుంది.

ముసలాయనకి ఈ సంగతంతా ఎలా తెలిసిందో ఆలోచించే తీరిక అతనికి లేదు. తర్వాత తీరిక దొరికినా ఆలోచించలేదు.

డైరెక్టరమ్మ పెనేవా వచ్చింది. “హమ్మయ్య! ఎవరు చేశారయ్యా?”

“నేనేనండీ. నిన్నట్నుంచీ కూర్చుని పట్టేశాను,” అన్నాడు రంగెల్, కాగితం మడిచి జేబులో కుక్కుకుంటూ.

జ్లాటినా అతనికేసి చూసింది. నక్కబొమ్మని సర్దుకుంటూ తెర వెనక్కి వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది అనిపించింది రంగెల్‌కి. నిలువెల్లా సిగ్గేసింది.

పదకొండుకి ఆట మొదలైంది. సముద్రాన్ని చూసి పిల్లలు ఒకటే కేకలు. రంగెల్ ఒకసారి పక్కతలుపు దాకా వెళ్లాడు. ముసలాయన బయటే ఉంటే ఏ మొహం పెట్టుకుని మాట్లాడాలో తోచక, గడియ తియ్యకుండానే తిరిగొచ్చేశాడు.

సిగ్గు కప్పిపుచ్చుకోవడానికి మనిషి ఇంకా సిగ్గుమాలిన పని చేస్తాడు. ఆట అయ్యాక రంగెల్ కొంగకి ఇలా రాశాడు:

‘అవసరానికి భలే మాయమయ్యావు గురూ! పర్లేదులే, నా అంతట నేనే బాగుచేసుకున్నాను. మధ్యలో ఒక నత్తి ముసలాడు చావు కాగితాలు పట్టుకొచ్చి ప్రాణం తీశాడు. నోట్లోంచి మాట ఊడిపడదు గానీ నాకు పాఠాలు చెప్పబోయాడు! తరిమేశాను. నువ్వు చూసుంటే పడీ పడీ నవ్వేవాడివి.’

సాయంత్రానికి జవాబు వచ్చింది. ఎప్పటిలాగే తప్పుల్లేని, తడబాటు లేని రాత. రంగెల్ రెండుసార్లు చదివాడు. మూడోసారి చదవడానికి ధైర్యం చాలక ఫోన్ బోర్లించేశాడు. తల ఎక్కడ దాచుకోవాలో అతనికి తెలియలేదు.

‘రంగెల్ బాబూ, పొద్దుటి రైలు గంట ఆలస్యమైంది, లేకపోతే నువ్వంత కంగారు పడకముందే వచ్చేవాణ్ణి. తెర మళ్లీ ఆగిపోతే పిలుస్తావేమోనని ఆట అయ్యేదాకా బయట మెట్ల మీదే కూర్చున్నాను.’