ఎనిమిదో ఊపిరి

సాలూరు రోడ్డు మీద తిరిగే డ్రైవరు లేని ఆటోలు ముందు ప్రయాణికుల పట్టీ రాసుకుంటాయి. పేర్లూ ఊపిర్లూ సరిపోలితేనే కదులుతాయి. ఏడుగురికి మించితే ఆ పట్టీ చెల్లదు.

ఆ ఉదయం ఏడుగురితో నిండిన ఓ ఆటోలో నిండు చూలాలు గుణవతిని ఆసుపత్రికి తీసుకెళ్తున్న ఆశా కార్యకర్త మంగవేణి, ఆమెకు కిటికీ పక్క చోటిమ్మని పైడమ్మ అనే ముసలామెను అడిగింది.

"నాను ముందెక్కినాను. లెగను" అంది పైడమ్మ.

సగం దారిలో గుణవతికి ఆడపిల్ల పుట్టింది. బిడ్డ కేరుమనగానే ఆటో ఆగిపోయింది.

"ఎనిమిది ఊపిర్లు. పట్టీ చెల్లదు" అంది ఆటో.

తల్లీబిడ్డలు త్వరగా ఆసుపత్రికి చేరాలి. మంగవేణి ఆటోతో బేరానికి దిగింది.

"బిడ్డని సామాను అని రాసుకో!"

"సామాను ఏడవదండి."

"పోనీ, ఎనిమిదికి ఒప్పుకో."

"దరఖాస్తు పెట్టండి. మూడు రోజులు పడుతుంది."

పైడమ్మ గొణుక్కుంటూ కర్ర పట్టుకుని దిగింది. "ఇప్పుడు ఏడుగురే గదా. ఎల్లు."

"కొత్త ప్రయాణికురాలి పేరు తప్పనిసరి."

బారసాల కాని పిల్లకు పేరెక్కడిది?

"నా పేరలాగే ఉంచు," అంది పైడమ్మ. "ఆ గుంట నా సీట్లో కూకుంటాది. నాను నడిసొస్తాను."

ఏడు పేర్లు, ఏడు ఊపిర్లు. ఆటో కదిలింది. రోడ్డు పక్కన నిలబడ్డ ముసలామెకు దాని గొంతు వినిపించింది.

"పైడమ్మ గారూ, ఏడవకండి. ఆసుపత్రి వచ్చేస్తోంది."